ఉరఫ్ పుతుల్

ఆలో కయాల్ టిఫిన్ డబ్బా మూత తీసి అందులోని చల్లన్నమంతా తపతి బల్ల మీద కుమ్మరించింది.

"అయ్యయ్యో, ఇదేం పని! కీబోర్డుకి తద్దినం పెడుతున్నావా?"

ఆలో వినిపించుకోలేదు. అన్నం ముద్దల్ని వేళ్లతో చిదుముకుంటూ పోయి, చివరికి పాలిథిన్ ముక్కలో చుట్టిన నల్లటి కార్డొకటి తీసింది. బొటనవేలి గోరంత ఉంది.

"దారిలో రెండుచోట్ల నా సంచీ తడిమారు దిదీ. అన్నంలో మాత్రం చెయ్యి పెట్టలేదు. ఎంగిలనుకున్నారు కాబోలు."

తపతి చీపురుకట్ట కోసం లేచినదల్లా మళ్లీ కూర్చుంది. చాంద్‌నీ మార్కెట్ వెనక సందులో, మేడమెట్ల కింద ఆమె కొట్టు. ఇద్దరు కూర్చుంటే మూడోవాడు నిలబడాలి. పదహారేళ్లుగా అక్కడే కూర్చుని జనం పోగొట్టుకున్న ఫైళ్లు వెతికి తీసిపెడుతోంది. పరీక్ష ముందు థీసిస్ పోగొట్టుకున్న పిల్లలు, పోయినవాళ్ల ఫొటోలు పొరపాటున చెరిపేసుకున్న ముసలివాళ్లు, దొంగ లెక్కలు నిజంగానే పోయి ఏడ్చే వ్యాపారులు, అందరూ ఆమె దగ్గరికే వస్తారు. పని మంచిది, నోరు మాత్రం రంపం అని మార్కెట్లో చెప్పుకుంటారు. రెండూ నిజమే.

"ఏముంది ఇందులో?"

"మావాణ్ణి కొట్టడం."

ఆలో నాలుగిళ్లలో వంట చేసే మనిషి. పొయ్యి మీద ఏముందో చెప్పినంత పొడిగా చెప్పుకొచ్చింది. శుక్రవారం సాయంత్రం వాళ్ల పేట శీల్‌పాడాలో పెళ్లి. ఆమె మొగుడు మదన్ నడిపే టోటో, అంటే బ్యాటరీ రిక్షా, వరుడి ఊరేగింపుకి దారి ఇవ్వబోయి పక్కకి తిరిగి, క్లబ్బు ముందు నిలబెట్టిన కొత్త మోటారుసైకిల్‌ని గీరింది. క్లబ్బు కుర్రాళ్లు బండిలోంచి లాగారు. షామియానా ఇనప గొట్టాలు అక్కడే పడి ఉన్నాయి. రెండు చేతులూ మోచేతుల కింద విరిచారు. అప్పుడు పెళ్లికూతురి నగల సంచి బండి సీటు కింద దొరికిందన్నారు. దొంగ దొరికాడు, జనం కొట్టారు అని ఠాణాలో రాయించారు. ఇప్పుడు మదన్ పెద్దాసుపత్రిలో ఉన్నాడు, మంచం పక్కన కానిస్టేబుల్ కూర్చున్నాడు.

"గురువారం కోర్టు దిదీ. బెయిలు రాకపోతే జైలాసుపత్రికి పట్టుకుపోతారట. రెండు చేతులకీ కట్లే. అక్కడ వాడి నోట్లో ముద్ద పెట్టేదెవరు? కడిగేదెవరు?"

"ఎవరు కొట్టారో ఆయన చెప్పలేదా?"

ఆలో ముఖం ఒక్కసారిగా ఎర్రబడింది. "చూడలేదట! పెళ్లి లైట్ల కింద, పట్టపగల్లా ఉన్నచోట కొట్టారు. ఎవర్నీ చూడలేదట! మూడు రోజులుగా అడుగుతున్నా. గోడకేసి తిరుగుతాడు. ఆ కట్లు లేకపోతే నేనే రెండు తగిలించేదాన్ని."

పెళ్లి వీడియో తీసే నిరుపమ్ భుజం మీద కెమెరా అప్పుడు నడుస్తూనే ఉంది. క్లబ్బువాళ్లు కెమెరా లాక్కుని, కార్డు మొత్తం చెరిపేసి, కార్డుని అతని ముఖాన కొట్టి, కెమెరా ఉంచుకున్నారు. మర్నాడు ఆలో వంట చేసే ఇంటి వెనక గుమ్మం దగ్గర నిరుపమ్ కార్డు ఆమె చేతిలో పెట్టి, ఈ కొట్టు గుర్తులు చెప్పి, తన పేరు ఎక్కడా ఎత్తొద్దని దణ్ణం పెట్టి పారిపోయాడు.

తపతి కార్డుని వెలుతురులో తిప్పి చూసింది. ఇలాంటివాటిలో వేలు పెట్టకూడదని ఆమెకి తెలుసు. పాడాలో, అంటే పేటలో, క్లబ్బంటే ఠాణా కూడా జంకే కుర్రాళ్ల అడ్డా అని కలకత్తాలో చంటిపిల్లలకి కూడా తెలుసు. కానీ ఆ అన్నం మెతుకులు ఏరి, ఒక్కటి కూడా పారేయకుండా మళ్లీ డబ్బాలోకి ఎత్తుకుంటున్న మనిషిని చూస్తే, పో అనడానికి నోరు రాలేదు. అందుకు ఆమెకి తన మీదే కోపం వచ్చింది.

"సరే కూర్చో. గాలి కూడా గట్టిగా పీల్చకు."

డ్రాయర్‌లోంచి చిన్న పెట్టెలాంటి పరికరం తీసి కార్డు అందులో గుచ్చింది. ఆ పెట్టె చదవనిస్తుంది, రాయనివ్వదు. బల్ల కింద గోనెపట్టా కప్పిన పెద్ద కంప్యూటర్‌లోకి కార్డు నకలు మొత్తం, ఖాళీ చోటుతో సహా, దించింది. యాభై నిమిషాలు పట్టింది. ఆపైన కార్డుని ఖాళీ అగ్గిపెట్టెలో పెట్టి డ్రాయర్‌లో పడేసింది.

"దాన్ని మళ్లీ తాకను. చేసేదంతా నకలు మీదే. చచ్చినవాణ్ణి రెండోసారి చంపకూడదు, ఈ పనిలో మొదటి పాఠం అదే."

చేతిలో మూడు సాఫ్ట్‌వేర్లున్నాయి. మూడింటికీ తపతి పేర్లు పెట్టుకుంది. మొదటిది ఘటక్ మోశాయ్, అంటే పెళ్లిళ్ల పేరయ్య. ఊరికే దొరుకుతుంది, మాటకారి, పది నిమిషాల్లో పని అయిందంటుంది. గుమ్మం మీద పేరున్న ఇళ్లకే వెళుతుంది. రెండోది దారోగా బాబు, అంటే ఠాణా ఎస్సై. ఏటేటా సొమ్ము కడితే తప్ప కదలడు, కదిలితే మాత్రం తలుపులు బద్దలుకొట్టి సోదా చేస్తాడు. మూడోది బుడి, చెత్త ఏరుకునే ముసలమ్మ. పేరూ ఊరూ పట్టించుకోదు. కార్డు ఈ చివర నుంచి ఆ చివరిదాకా నడుం వంచి, ఏ చింపిరి ముక్క దొరికినా సంచిలో వేసుకుంటుంది. ఆమె పని ఇరవై గంటలు.

"తొందరది పెట్టు దిదీ. గురువారమే కదా."

పేరయ్య పదకొండు వీడియోలు తెచ్చిపెట్టాడు. పెళ్లికూతురు, తమలపాకులు, శంఖాలు. పెళ్లివారి బావగారొకాయన చేప ఫ్రై మూడోది అందుకుంటూ కెమెరాకేసి నవ్వాడు. ఆలో తెర ముందుకి వంగి, ఆ నవ్వుని కాసేపు అలాగే చూసింది.

"ఈ చేప అరక్కముందే మావాడి చేతులు విరిగాయి."

దారోగా వంతు వచ్చింది. గంటన్నర తరవాత ఒక పెద్ద ఫైలు పట్టుకొచ్చాడు. శుక్రవారం, ఆరూ నలభై. తపతి కుర్చీ ముందుకి జరుపుకుంది. తెరిస్తే తెరుచుకోలేదు. లోపలికి చూస్తే ఫైలు తల భాగం మీద ఇంకేవో రాసి ఉన్నాయి. ఆ రాసినవి పెళ్లికూతురి వీడియోలే, రెండోసారి.

ఆమెకి విషయం అర్థమైంది. నిరుపమ్‌కి ఫోన్ చేసింది.

"నువ్వే ముందు ప్రయత్నించావు కదూ? నెట్‌లో ఏదో ఊరికే దొరికింది కదూ? దొరికినవాటిని ఎక్కడ దాచావు?"

నిరుపమ్ గొంతు తగ్గించాడు. "అదే కార్డులో దిదీ. అది అడిగింది, ఎక్కడ పెట్టమంటావని. కార్డు పేరు కనిపిస్తే నొక్కేశాను."

"ఒరే వెధవా! బావిలో పడ్డవాణ్ణి తీయడానికి అదే బావిలో మట్టి పోస్తారుట్రా! వాళ్లు చెరిపింది నేను తీసేదాన్ని. నువ్వు చెరిపింది ఎవడు తీస్తాడు?"

అతను ఏడుస్తున్నాడని తెలిసి ఫోన్ పెట్టేసింది. బొమ్మ పోయింది, ఇక రాదు. ఆ మాట ఆలోకి చెప్పకుండా బుడికి పని అప్పగించి, తెర ఆపేసి, గోనెపట్టా సర్దింది.

"రేపు సాయంత్రం దాటాలి. బుధవారం పొద్దున్న రా. ఏరుకోనీ ముసలమ్మని."

మంగళవారం మధ్యాహ్నం ముగ్గురొచ్చారు. ముందున్నవాడికి పాతికేళ్లుంటాయి. ఇస్త్రీ చొక్కా, చేతిలో హెల్మెట్, మంచి సెంటు వాసన. గుమ్మంలోనే చెప్పులు విడిచాడు. తక్కిన ఇద్దరూ షట్టర్ సగం దించి దాని కింద నిలబడ్డారు.

"నమస్కారం దిదీ. నా పేరు రాణా. శీల్‌పాడా. నిరుపమ్ దా పంపాడు." నవ్వాడు. "చెప్పడానికి కాస్త టైము తీసుకున్నాడు లెండి. కెమెరామేన్ కదా, ఒక కన్ను చాలు ఆయనకి."

తపతి చేతిలోని స్క్రూడ్రైవర్ పక్కన పెట్టింది. "ఏం కావాలి?"

"కార్డు. మా పాడా సొత్తు. ఒక దొంగ వెధవ కోసం మీలాంటివాళ్లు కళ్లు పాడుచేసుకోవడం ఎందుకు? టీ తాగుతారా? ఒరే బాప్పా, దిదీకి ఒక టీ చెప్పు."

"నా టీ నేను తాగుతాను. కార్డేదీ లేదు."

రాణా మెడ పక్కకి వంచి, లెక్క తప్పు చెప్పిన పిల్లని మాస్టారు చూసినట్టు చూశాడు. ఆమె కుడిచేయి పట్టుకున్నాడు. పట్టు నెమ్మదిగానే ఉంది. ఇనప డ్రాయర్ తెరిచి, వేళ్లు దాని అంచు మీద వరసగా ఆనించాడు. గాజుల కొట్టువాడు కొలత చూసినంత ఓపిగ్గా చేశాడు. తరవాత కాలు ఎత్తి డ్రాయర్‌ని తన్నాడు.

చప్పుడు ముందు వినబడింది, నొప్పి తరవాత వచ్చింది. తపతి అరిచిన అరుపు ఆమెకే కొత్తగా ఉంది. బయట టీ కొట్టు బిశూ కెటిల్ పట్టుకుని నిలబడిపోయాడు. పక్క కొట్టు గణేశ్ షా షట్టర్ గడగడా దిగింది. పదహారేళ్లుగా అతని కంప్యూటర్ చెడితే ఊరికే బాగుచేసిన మనిషి తపతి.

"ఎడమచేత్తో కూడా మౌస్ పట్టుకుంటారా మీరు?" అన్నాడు రాణా.

"అగ్గిపెట్టె," అంది తపతి. "అందులోనే. అగ్గిపెట్టెలో."

రక్తం అంటిన డ్రాయర్‌లోంచి అతను అగ్గిపెట్టె తీశాడు. కార్డు నేలమీద వేసి, బల్ల మీదున్న సుత్తి అందుకుని, కూర్చుని, పొడి పొడి అయ్యేదాకా కొట్టాడు. బాప్పా అనేవాడు ఊరికే నిలబడలేక తెరని ఎత్తి గోడకేసి కొట్టాడు. గాజుపెంకులు తపతి జుట్టులో పడ్డాయి.

"రాణా, ఆ కిందేదో మిణుకుమంటోంది చూడు."

గోనెపట్టా చిరుగులోంచి ఆకుపచ్చ దీపం వెలిగి ఆరుతోంది. బుడి ఏరుకుంటోంది.

తపతి వేళ్లు ఒళ్లో పెట్టుకుని ఊగుతోంది. ఆ ఊపులోనే అంది. "కరెంటు పోతే ఆదుకునే బ్యాటరీ అది. పట్టుకుపోండి. అదొక్కటే మిగిలింది, అదీ పట్టుకుపోండి."

రాణా చెప్పులు తొడుక్కున్నాడు. "అంత దరిద్రులం కాదు దిదీ. వేళ్లకి ఐసు పెట్టండి. ఊరికే వదిలేస్తే వంకరగా అతుక్కుంటాయి."

వాళ్లు వెళ్లాక బిశూ టీ తెచ్చి గుమ్మంలో పెట్టాడు. తపతి ఆ మట్టిముంతని కాలితో తన్నింది. తరవాత తనే సిగ్గుపడి, పోనీలేరా అని, ఎముకల డాక్టరు దగ్గరికి అతని భుజం పట్టుకునే వెళ్లింది. రెండు వేళ్లు విరిగాయి.

బుధవారం పొద్దున్న గణేశ్ షా తన తెర తనే మోసుకొచ్చి బల్ల మీద పెట్టాడు. తపతి కళ్లలోకి చూడలేదు. ఆమె కూడా ఏమీ అనలేదు. ఏమైనా అంటే అతనికి కాస్త తేలిక అవుతుందని, అంతవరకూ మేలు చేయబుద్ధి కాక ఊరుకుంది.

బుడి సంచిలో మూడు వందల పన్నెండు ముక్కలున్నాయి. ఒక్కదానికీ పేరు లేదు, తేదీ లేదు. అంకెలే. తపతి ఎడమచేత్తో ఒక్కొక్కటే తెరవడం మొదలుపెట్టింది. బూడిదరంగు గళ్లు, పచ్చచారలు, ఒకచోట ఎవరిదో సగం చెవి. ఆలో చెక్కపెట్టె మీద కూర్చుని చూస్తోంది.

"వీటిలో మనిషి లేడు దిదీ."

"బొమ్మ రాదు. నిరుపమ్‌ని తిట్టుకో. గొంతేమైనా మిగిలిందేమో చూద్దాం."

రెండువందల ఏడో ముక్క నలభై ఒక్క సెకన్లుంది. తెర బూడిదరంగే. మొదట బ్యాండుమేళం వినిపించింది. దాని మీదుగా, తడిబట్ట రాయికేసి బాదినట్టు ఒక చప్పుడు వచ్చింది. మళ్లీ వచ్చింది. ఒక మనిషి గొంతు, ఊపిరందక, మధ్యలో తెగుతూ వినిపించింది.

"పుతుల్! ఒరే పుతుల్, నేను రా... మదన్ కాకూని. కన్నా, చేతుల మీద వద్దురా... పుతుల్..."

దెబ్బలు ఆగాయి. ఒక్క క్షణం బ్యాండొక్కటే మోగింది. తరవాత ఎవరో పకాలుమని నవ్వారు.

"పుతులా? ఎవడ్రా పుతుల్? ఒరే రాణా, నిన్నేరా! నువ్వు బొమ్మాయివట్రా! బొమ్మాయి!"

ఇంకో రెండు గొంతులు నవ్వాయి. ఆ నవ్వు మీద మళ్లీ ఇనుము పడింది. ఈసారి ఆగలేదు. మదన్ గొంతు పేరు పిలవడం మానేసింది, తరవాత మాట మానేసింది, తరవాత అరుపూ మానేసింది. ముక్క అయిపోయింది.

ఆలో కొంగు నోట్లో కుక్కుకుంది. ఏడవలేదు. కాసేపటికి కొంగు తీసి, "వాడికి తెలుసు," అంది. "ఎవడో వాడికి తెలుసు. తెలిసి నాకు చెప్పలేదు."

తపతి ఇంకోసారి వింది. అరిగిపోయిన సామాను పరీక్షించే అలవాటుతో లెక్కపెట్టింది. పేరు పిలవకముందు ఆరు దెబ్బలు. పిలిచాక పదకొండు.

ఆసుపత్రిలో మదన్ మంచం కిటికీ పక్కన ఉంది. కానిస్టేబుల్ స్టూలు మీద కూర్చుని కాగితం పొట్లంలో మరమరాలు తింటున్నాడు. తపతి కట్టుకట్టిన చేయి చూసి, ఈమెకూడా రోగే అనుకుని జరిగి చోటిచ్చాడు. తపతి ఒంగి, మదన్ చెవి దగ్గర ఒక్క మాటే అంది.

"పుతుల్."

మదన్ కళ్లు మూసుకున్నాడు. ఆలో మంచం కోడు పట్టుకుని బుసలు కొడుతోంది.

"అయితే దొరికిందన్నమాట," అన్నాడు చివరికి. "ఆరేళ్లు వాణ్ణి నా రిక్షా బండిలో బడికి తీసుకెళ్లాను దిదీ. తొమ్మిదిమంది పిల్లలు, వాడొక్కడు వెనక కూర్చోడు. నా ముందు, సీటు కమ్మీ మీదే. వర్షమొస్తే నా చొక్కాలో తల దూర్చేవాడు. వాళ్లమ్మ పెట్టిన పేరు, బొమ్మ అని. ఇంట్లో పేరు."

"ఆ మాట ఠాణాలో చెప్పడానికేం?" అంది ఆలో. "చేతులు పోయాయి, నాలుక కూడా పోయిందా?"

"తప్పు నాదేగా. ఇంట్లో పేరు నలుగురిలో పిలుస్తారా ఎక్కడైనా? వాడు పెద్దవాడయ్యాడు. దోస్తులున్నారు. వాళ్ల ముందు బొమ్మా బొమ్మా అని పిలిస్తే ఎవడికైనా తలకొట్టేసినట్టుండదా? నోరు మూసుకుని ఉంటే రెండు తగిలించి పోయేవాడు. భయంలో అదే వచ్చింది నోటికి."

కానిస్టేబుల్ మరమరాలు నమలడం ఆపాడు. తపతికి ఒళ్లు మండింది. కొట్టినవాడి మీద ఎంత మండిందో, పడుకున్న ఈ మనిషి మీద కూడా అంతే మండింది. చేతులు విరగ్గొట్టించుకుని, విరగ్గొట్టినవాడి మర్యాద గురించి ఆలోచిస్తున్నాడు! ఇలాంటి మంచితనం వల్లే కదా ఆ గొట్టాలు అంత ధీమాగా లేచేది!

వార్డు బయట కాళ్ల మీద కాగితాలు పెట్టుకుని ఉచిత సహాయం లాయరమ్మ కూర్చుంది. పడుచుపిల్ల. నలభై ఒక్క సెకన్లూ విని, పెన్ను మూత కొరికింది.

"కార్డు పోయినా మీరొచ్చి ఇది నేనే తీశానని చెప్తే నకలు నిలబడుతుంది. కానీ బొమ్మ లేదు. శీల్‌పాడాలో రాణాలు నలుగురైదుగురు ఉంటారు. పుతుల్ అంటే ఈ రాణానే అని ఎవరు చెప్తారు? మదన్ దా చెప్పడు. దోస్తులు చెప్పరు. ఆ పేరు ఇంకెవరికి తెలుసు?"

ఆ పేరు తెలిసిన మనిషి ఒకరే ఉన్నారని ముగ్గురికీ ఒకేసారి తట్టింది. లాయరమ్మ తల అడ్డంగా ఊపింది. "ఏ తల్లి వస్తుందండీ?"

క్లబ్బు వెనక పెంకుటిల్లు. సాయంత్రం నాలుగవుతోంది. రాణా తల్లి మినతి గుమ్మంలో కూర్చుని జాకెట్లకి హుక్కులు కుడుతోంది. పక్కన ముప్పై జాకెట్ల దొంతర. చాంద్‌నీ నుంచి వచ్చానని తపతి చెబితే, ఏదో బేరం అనుకుని పీట వాల్చింది. రెండు కొబ్బరి ఉండలు, గ్లాసు మంచినీళ్లు పెట్టింది.

"చేతికేమైందమ్మా?"

"డ్రాయర్‌లో పడింది."

"అయ్యో! కుడిచెయ్యే! అన్నమెలా తింటున్నావు?"

తపతి కొబ్బరి ఉండ ముట్టుకోలేదు. ఆసుపత్రి నుంచి బయలుదేరినప్పుడు ముందు నెమ్మదిగా విషయం చెప్పి, ఆ తరవాత వినిపించాలనుకుంది. కానీ ముందు చెబితే ఆమె తల్లి అయిపోతుంది. అబద్ధం సిద్ధం చేసుకుంటుంది. చెప్పకపోతే కాసేపు మామూలు మనిషిగా ఉంటుంది. ఇది కూడా డ్రాయర్ అంచు మీద వేళ్లు పెట్టించడం లాంటిదేనని తెలిసే, తపతి ఫోన్ తీసి మీట నొక్కింది.

బ్యాండుమేళం వచ్చింది. చప్పుళ్లు వచ్చాయి. మినతి ఏదో సినిమా అనుకుంది. "పుతుల్! ఒరే పుతుల్!" అని వినగానే సూది ఆపి తలెత్తి నవ్వింది.

"మా పుతుల్‌ని పిలుస్తున్నదెవరు? మన మదన్ గొంతులా ఉందే! ఇంకా వాడొక్కడే అలా పిలుస్తాడు మావాణ్ణి. ఎక్కడిదమ్మా ఇది?"

జవాబు ఫోనే చెప్పింది. నవ్వులు చెప్పాయి. పదకొండు దెబ్బలూ చెప్పాయి. మినతి ముఖం మీద ఆ నవ్వు, తీసుకోవడం మరిచిపోయిన వస్తువులా, చాలాసేపు అలాగే ఉండిపోయింది.

ముక్క అయిపోయింది. ఆమె దారం పంటితో తెంపి, జాకెట్ మడతపెట్టి, దొంతర మీద పెట్టింది.

"మళ్లీ పెట్టు."

తపతి మళ్లీ పెట్టింది. ఈసారి ఆమె నేలకేసి చూస్తూ వింది.

"దొంగతనం చేస్తే జనం కొట్టారన్నాడు నాతో. మదన్ దొంగతనం చెయ్యడమేంటిరా అంటే, మనుషులు మారతారమ్మా అన్నాడు." ఆగింది. "నవ్వినందుకా కొట్టాడు? నేను పెట్టిన పేరుకి నవ్వితే, నవ్వినవాళ్లని వదిలేసి మదన్‌ని కొట్టాడా?"

తపతి ఫోన్ ఆపి ఒళ్లో పెట్టుకుంది.

"ముగ్గురు ఆడపిల్లలు పోయాక పుట్టాడు. మగపిల్లాడని యముడికి తెలియకూడదని ఆ పేరు పెట్టాను. బతికించింది ఆ పేరే." మినతి చూపు కట్టు కట్టిన వేళ్ల దగ్గరికి వచ్చి ఆగింది. "ఆ వేళ్లు కూడా డ్రాయర్‌లో పడినవి కావుగా?"

"డ్రాయరే. తన్నింది వాడు."

బయట మోటారుసైకిల్ ఆగింది. రాణా హెల్మెట్ తీసుకుంటూ గుమ్మంలోకి వచ్చి, తపతిని చూసి నిలబడిపోయాడు. ఒక్క అంగలో ఆమె జుట్టు అందుకుని పీట మీంచి లేపాడు. తల గోడకి తగిలింది.

"మా ఇంటికే వస్తావే? మా అమ్మ దగ్గరికా?"

"పుతుల్," అంది మినతి. గొంతు పెద్దది చెయ్యలేదు. "వదులు."

"నువ్వు లోపలికెళ్లమ్మా! దీని సంగతి..."

మినతి లేచింది. కొడుకు చేయి వదిలించడానికి ప్రయత్నం చెయ్యలేదు. తన కుడిచేయి చాపి, తెరిచి ఉన్న తలుపు సందులో, బందుల దగ్గర, నాలుగు వేళ్లూ పెట్టింది.

"తన్ను," అంది. "కాలుందిగా. తలుపు తన్ను. ఆడవాళ్ల వేళ్లే కదా, ఎవరివైతేనేం?"

రాణా తల్లి చేతిని చూశాడు. తలుపుని చూశాడు. జుట్టు పట్టుకున్న పిడికిలి దానంతటది వదులైంది. హెల్మెట్ నేలమీదికి విసిరికొట్టి, నోటికొచ్చిన తిట్టల్లా తిడుతూ బయటికి పోయాడు. మోటారుసైకిల్ చప్పుడు సందు మలుపు దాటేదాకా మినతి వేళ్లు తీయలేదు.

"రేపు కోర్టు ఎన్నింటికి?"

గురువారం మదన్‌కి బెయిలు వచ్చింది. పదిన్నరకి లాయరమ్మ ఫోన్‌లోని ముక్క వినిపించింది. తపతి కట్టు చేయి ఎత్తి ప్రమాణం చేసి, ఎలా తీసిందో చెప్పింది. పన్నెండింటికి మినతి బోనెక్కింది. అవతలి లాయరు ఆమెని ఒకటే అడిగాడు, కన్నకొడుకు మీద ఎందుకమ్మా నిష్టూరం అని. "నిష్టూరం కాదు బాబూ, గొంతు ఎవరిదని అడిగారు, చెప్పాను," అంది. ఆ రాత్రి క్లబ్బు కుర్రాళ్లు ఆమె ఇంటి పెంకులు సగం పగలగొట్టారు, ముప్పై జాకెట్లూ కాలవలో పారేశారు. ఆమె అక్కడే పడుకుంది.

రాణాని అరెస్టు చేసి సోమవారం కోర్టులో హాజరుపరిచారు. వరండాలో జనం కిక్కిరిసి ఉన్నారు. నిరుపమ్ ఒక కంటికి కట్టుతో స్తంభం వెనక నిలబడ్డాడు, అయినా వచ్చాడు. ఆలో చక్రాల కుర్చీలో మదన్‌ని తీసుకొచ్చి, అరటిపండు ఒలిచి ముక్కముక్కా నోట్లో పెడుతోంది.

"నువ్వు చెప్పకపోయినా చెప్పేవాళ్లు చెప్పారు," అంది నాలుగోసారి.

మదన్ నమలడం ఆపి తపతి వైపు తిరిగాడు. "ఆ పేరు కాగితాల్లో కూడా రాశారా దిదీ?"

"రాశారు."

"అందరి ముందూ చదువుతారా?"

అంతలో బంట్రోతు గుమ్మంలోకి వచ్చి గొంతు సవరించుకున్నాడు. రోజూ నూట పాతిక పేర్లు పిలిచే మనిషి. కాగితం మీద ఏముందో అదే అరుస్తాడు.

"రణజయ్ సర్దార్ హాజర్!"

ఇద్దరు కానిస్టేబుళ్ల మధ్య రాణా తల దించుకునే ఉన్నాడు. దూరంగా గోడకానుకుని బాప్పా, ఇంకో ఇద్దరు దోస్తులు నిలబడి ఉన్నారు.

"రణజయ్ సర్దార్, ఉరఫ్ రాణా, ఉరఫ్ పుతుల్ హాజర్!"

ఆ పొడుగాటి వరండా అంతా ఆ మాట పాకింది. బంట్రోతు లెక్క ప్రకారం మూడుసార్లూ పిలిచాడు. ఎవరూ నవ్వలేదు, బాప్పా కూడా నవ్వలేదు. చక్రాల కుర్చీలో మదన్ తల వంచుకున్నాడు. రాణా మాత్రం చివరి పేరుకి ఉలిక్కిపడి తలెత్తి, జడ్జి గది వైపు కాకుండా జనంలోకి, తల్లి కోసం చూశాడు. మినతి మొదటి వరసలోనే నిలబడి ఉంది. ముఖం తిప్పుకోలేదు.

"వెళ్లు, పిలుస్తున్నారు," అంది.